బాతు గూడు నీళ్లలో లేదు, తాటిమట్టల్లో ఉంది

చెరువు కట్ట మీద నిలబడి బాతు గూడు ఎక్కడుంటుందని అడిగితే ఎవరైనా నీళ్లవైపే చెయ్యి చూపిస్తారు. జమ్ములోనో, తుంగలోనో ఉంటుందంటారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల చెరువుల్లో చూడగలిగే నాలుగు రకాల స్థానిక అడవి బాతుల్లో ఆ మాట సరిగ్గా అతికేది ఒక్కదానికే. మిగతా మూడూ ఎత్తు దొరికితే నేల మీద గుడ్డు పెట్టవు. తాటిచెట్టు మొవ్వు కింద, ముసలి చెట్టు తొర్రలో, కాకి వదిలేసిన పుల్లల గూటిలో, ఆఖరికి పాడుబడిన గోడ కంతలో కూడా పొదుగుతాయి. చెరువు నిండా నీళ్లున్నా బాతుపిల్ల కనిపించని ఊళ్లు ఉండటానికీ, నాలుగు తాటిచెట్ల పక్కనున్న చిన్న కుంటలో పిల్లలు బారులు తీరి తేలడానికీ కారణం ఇక్కడే ఉంది.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. చలికాలంలో పులికాట్‌లోనూ పెద్ద చెరువుల్లోనూ వేలకొద్దీ దిగే సూదితోక బాతులు, గరిటెమూతి బాతులు ఇక్కడ గూడు కట్టవు. వాటి గూళ్లు మధ్య ఆసియాలో, సైబీరియాలో ఉంటాయి. ఇక్కడికి అవి తిండికే వస్తాయి, ఎండలు ముదరకముందే వెళ్లిపోతాయి. ఇక నేలపట్టు చెరువులో కడప అనే నీటిచెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతు పేరులో బాతు ఉందిగానీ అది బాతు కాదు, పెలికాన్. దాని గొంతు కింద సంచి చూస్తే కాలువలోంచి నీళ్లు ఎత్తిపోసే గూడబుట్టే గుర్తుకొస్తుంది. 1976లో పక్షుల సంరక్షణ కేంద్రమైన నేలపట్టు 2022 విభజనలో తిరుపతి జిల్లాకు వెళ్లింది. నెల్లూరు వాళ్లు మాత్రం అది తమదన్నట్టే మాట్లాడతారు. అక్కడి గుంపుల్లో అసలు బాతులూ ఉంటాయి, కానీ సందర్శకుల కళ్లన్నీ పెలికాన్ల మీదే ఉంటాయి కాబట్టి వాటి గూళ్లు ఎవరికీ పట్టవు.

ఇక్కడి నాలుగింటిలో నేల మీద గూడు కట్టేది చుక్కమూతి బాతు. ముక్కు నలుపు, చివర పసుపు, మొదట్లో రెండు ఎర్ర చుక్కలు. కట్టవాలులో గడ్డి దుబ్బు కింద చిన్న పళ్లెమంత గుంట చేసుకుని 7 నుంచి 12 దాకా గుడ్లు పెడుతుంది. ఆడది ఒక్కతే పొదుగుతుంది. మేతకు వెళ్లేటప్పుడు తన పొట్ట మీది నూగు ఈకలు పీకి గుడ్ల మీద దుప్పటిలా కప్పి వెళ్తుంది. వెచ్చదనం నిలవడానికీ, పైనుంచి చూసే కాకికి తెల్లటి గుడ్డు కనపడకుండా ఉండటానికీ ఆ నూగే ఆధారం. మిగతా మూడింటి కథ వేరు.

చిలువ, తాటిచెట్టు

ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ఈల బాతు. దీన్నే చిలువ అంటారు. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ పక్షుల మీద రాసినప్పుడు ఎర్ర చిలువ అన్న తెలుగు పేరును నమోదు చేశాడు. అరకిలో అటూఇటూగా తూగే గోధుమరంగు బాతు ఇది. పొద్దుగూకాక గుంపులుగా చెరువు మీంచి లేచి, రెండు ముక్కల ఈల వేసుకుంటూ వరిమళ్ల మీదకు వెళ్తుంది. చెట్టు కొమ్మ మీద వాలడం చాలా బాతులకు చేతకాదు, దీనికి బాగా వచ్చు.

తాటిచెట్టులో దీనికి నచ్చే జాగా ఒకటుంది. మట్ట కాండాన్ని పట్టుకునే చోట మొదలు రెండుగా చీలి ఉంటుంది. పక్కపక్క మట్టల చీలికల మధ్య అరచేతి లోతు గిన్నెలు ఏర్పడతాయి. వాటిలో పీచు, ఎండిన పూతగెలలు, కాకులు పడేసిన పుల్లలు, దుమ్ము చేరి మెత్తటి పరుపవుతుంది. పైన పచ్చి మట్టలు గొడుగు పడతాయి, కింద ఎండి వేలాడే మట్టలు చుట్టూ తెర కడతాయి. వాన పడినా నీరు పీచులోంచి కారిపోతుంది. ఈ బాతు చేసే పని దాదాపు ఏమీ లేదు. కాస్త కసువు సర్దుకుని 7 నుంచి 12 గుడ్లు పెట్టేస్తుంది. గుడ్లు కోడిగుడ్డు కంటే చిన్నవి. మొదట పాలతెలుపు, పొదిగేకొద్దీ మట్టిమరకలతో గోధుమరంగుకు తిరుగుతాయి.

ఇది నూగు పరచదు, గుడ్లను ఈకలతో కప్పదు. చుక్కమూతి బాతుకు అంత అవసరమైనది దీనికి ఎందుకు అక్కర్లేదంటే, ఇక్కడ ఆడా మగా వంతులవారీగా పొదుగుతాయి. ఒకటి మేతకు వెళ్తే ఇంకొకటి కూర్చుంటుంది కాబట్టి గుడ్లు చాలావరకు ఒంటరిగా ఉండవు. చిలువ జంట ఒక కాన్పుతో విడిపోదు, ఎక్కువకాలం కలిసే ఉంటుంది. జంటలో ఒక దాన్ని వలవేసి పట్టుకుపోతే రెండోది ఒక్కతే పొదిగి నిలబెట్టుకోవడం కష్టం. వేటాడినవాడి లెక్కలో ఒక్క పిట్టే పోయినా పది గుడ్ల గూడూ దాంతోపాటే పోతుంది.

అయితే అన్ని తాటిచెట్లూ పనికిరావు. కంచెకో, పైకప్పుకో, పొయ్యిలోకో ఏటా మట్టలు కొట్టేసిన చెట్టు నున్నగా ఉంటుంది, దాని మొవ్వు చుట్టూ అడ్డు ఉండదు. కల్లుగీతకు చెట్టును సిద్ధం చేసే పని చలికాలం చివర మొదలవుతుంది. ఆలస్యంగా పెట్టిన గూళ్లు ఆ శుభ్రంలోనే పోతాయి. ఎవరూ కావాలని చేసే పని కాదది, పైకెక్కేదాకా గూడు ఉందని తెలియదు. కట్ట మీదున్న వరుసలో ప్రతి అయిదు చెట్లలో ఒకదాన్ని కొట్టకుండా వదిలితే, మట్టల లెక్కలో రైతుకు పోయేది కొంచెమే. వదిలేది నీటికి దగ్గరలో ఉన్నదై, కింద రాళ్లు లేనిదైతే మేలు. రాళ్ల సంగతి కాస్త కిందకు వస్తుంది.

తాటిచెట్లు లేని చోట చిలువ కొమ్మల పంగలో, కొంగలు, కాకులు, గద్దలు వదిలేసిన గూళ్లలో సర్దుకుంటుంది. అదీ దొరకకపోతే జమ్ములోనూ, గట్టు గడ్డిలోనూ పెడుతుంది. ఇది పట్టువిడుపు తెలిసిన పక్షి కాబట్టే నాలుగింటిలో ఎక్కువగా మిగిలింది.

తొర్ర లేకపోతే గడవని రెండు

తెల్లటి చిన్న బాతు, నూటయాభై నుంచి మూడొందల గ్రాములకు మించదు, ప్రపంచంలో నీటిబాతుల జాతిలో అన్నిటికంటే చిన్నవాటిలో ఒకటి. తామరాకుల మధ్య తేలుతూ ఉంటే దూరానికి పత్తి ఉండలా అగుపిస్తుంది. దీనికి తొర్రే కావాలి. నీళ్లలో నిలబడిన చెట్టు అయితే మరీ ఇష్టం, సాధారణంగా మనిషి ఎత్తు నుంచి రెండు మూడు నిలువుల లోపు ఉన్న రంధ్రం చూసుకుంటుంది. చెట్లు లేని చోట పాత కట్టడాల కంతల్లో, పొగగొట్టాల్లో, పాడుబడిన గుళ్ల కప్పుల్లో కూడా గుడ్లు పెట్టిన ఉదంతాలు పాత పక్షిశాస్త్ర గ్రంథాల్లో ఉన్నాయి. గుడ్లు 6 నుంచి 14 దాకా.

ఇంకొకటి జుట్టు చిలువ. మగదాని ముక్కు మీద నల్లటి కండబుడిపె లేస్తుంది, బరువు రెండు కిలోలు దాటుతుంది. ఇది ఇక్కడ అరుదు. దీనికి పెద్ద తొర్ర కావాలి, అంటే యాభై అరవై ఏళ్ల మాను కావాలి. అలాంటి చెట్టు దొరకడం కష్టం కాబట్టి ఒకే తొర్రలో రెండు మూడు ఆడవి గుడ్లు పెట్టడం కద్దు. ఒక గూటిలో యాభై దాకా గుడ్లు చేరిన సందర్భాలున్నాయి. అన్నిటి మీదా ఒకేసారి కూర్చోవడం ఏ బాతుకూ సాధ్యం కాదు. అంచుల్లో ఉన్నవి చల్లబడతాయి, దొర్లేటప్పుడు పగులుతాయి, పగిలిన గుడ్డు వాసనకు చీమలు వస్తాయి, చీమలు వస్తే తల్లి లేచిపోతుంది. చూడటానికి సంపన్నంగా ఉన్న గూడు చాలాసార్లు ఒట్టిపోతుంది.

తొర్ర తయారు కావడానికి ఓ కొమ్మ విరగాలి, అక్కడ కుళ్లు పట్టాలి, వడ్రంగి పిట్ట తొలవాలి, ఏళ్లు గడవాలి. చెరువు లోపల సామాజిక వనాల కింద పెంచిన నల్లతుమ్మను ఆ వయసు రాకముందే వేలం వేసి కొట్టేస్తారు. సర్కారు తుమ్మ చాలాచోట్ల గుబురు కంపే తప్ప తొర్రబడేంత లావు మాను కాదు. కొట్టేసిన చోట మళ్లీ నాటినా లెక్క సరిపోదు, ముప్పై ఏళ్ల తొర్రకు మొన్న నాటిన మొక్క బదులు కాదు. పైగా ఉన్న తొర్రలకు చిలకలు, గోరువంకలు, పైడికంటెలు, ఉడతలు, తేనెటీగలు కూడా పోటీ పడతాయి.

కాలం లెక్క

ఉత్తరాదిలో బాతులు జూలై నుంచి సెప్టెంబరు లోపల పొదుగుతాయని పుస్తకాల్లో చదివి, ఇక్కడ ఆగస్టులో గూళ్లకోసం వెతికితే ఖాళీగా తిరిగి రావాలి. నెల్లూరు జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. ఎడగారు పంట కోసి చెరువులు వట్టిపోయిన సమయంలో బాతుకు పిల్లలను పెంచే నీరు ఉండదు. దక్షిణాదిన చుక్కమూతి బాతు నవంబరు, డిసెంబరుల్లోనే ఎక్కువగా పొదుగుతుంది. పడమట కంభం చెరువు వైపు, నైరుతి వానకు కాస్త ముందుగా నీరు చేరిన ఏడాది గూళ్లూ ముందుకు జరుగుతాయి. ఏదైనా క్యాలెండరు కంటే తూము దగ్గరి నీటిమట్టాన్ని నమ్మాలి.

దాని వెనక ఉన్న కూడిక ఇది. రోజుకొకటి చొప్పున పది గుడ్లు పెట్టడానికి పది రోజులు. ఆఖరి గుడ్డు పడ్డాకే పొదగడం మొదలవుతుంది, అందుకే అన్నీ దాదాపు ఒకే రోజు పగులుతాయి. పొదగడానికి చిలువకూ చిన్న తెల్ల బాతుకూ 22 నుంచి 24 రోజులు, జుట్టు చిలువకు నాలుగు వారాలు. పిల్లలకు ఎగిరే రెక్క రావడానికి దాదాపు రెండు నెలలు. మొదటి గుడ్డు నుంచి ఎగిరే రోజు దాకా మూడు నెలలకు పైనే. నవంబరు మొదట్లో గుడ్లు పెట్టినది ఫిబ్రవరికల్లా గట్టెక్కుతుంది. జనవరిలో పెట్టినదాని పిల్లలు ఇంకా నడకమీద ఉండగానే చెరువు అంచు బురద కట్టి, చేపల కాంట్రాక్టరు వలలు లాగే వేళ అవుతుంది. చేపలు పట్టడానికి నీరు వదిలేసే చెరువుల్లో ఆలస్యపు గూళ్లకు దారి మూసుకుపోయినట్టే.

వేడి కూడా ఒక కారణం. తల్లి ఇంకా కూర్చోకముందే గుడ్డు వేడి సుమారు 26, 27 డిగ్రీలు దాటితే లోపల ఎదుగుదల నెమ్మదిగా మొదలై, మధ్యలో ఆగి, పాడవుతుంది. పది రోజులు ఎదురుచూసే మొదటి గుడ్డుకు ఇది పెద్ద గండం. వానాకాలపు మబ్బు, తొర్ర నీడ, తాటిమట్టల గొడుగు ఈ పది రోజులూ దాటిస్తాయి.

దూకే రోజు

గుడ్డు పగలడానికి ఒకటి రెండు రోజుల ముందే లోపలి పిల్ల కిచకిచమంటుంది. తల్లి తగ్గుస్వరంలో బదులిస్తుంది. ఈ మాటల వల్లే పిల్లలకు తల్లి గొంతు గుర్తు పడుతుంది. పొదిగాక ఒక రోజు, మహా అయితే రెండు రోజులు గూటిలో ఆరి నూగు పొంగుతుంది. మర్నాడు పొద్దున్నే తల్లి కిందికి దిగి నేల మీదనుంచో నీటిమీదనుంచో పిలుస్తుంది. తొర్రలోంచి పిల్లలు తమ సూదిగోళ్లతో లోపలి గోడ పట్టుకుని పాకి, అంచుకు చేరి, ఒకదాని వెనక ఒకటి దూకేస్తాయి. కాళ్లు, రెక్కల మొగ్గలు వెడల్పుగా చాపి పడతాయి. కొద్ది గ్రాముల బరువు, పొంగిన నూగు, మెత్తటి ఎముకలు ఉన్నందువల్ల ఆరేడు మీటర్ల ఎత్తు నుంచి పడినా గడ్డిలో బంతిలా ఎగిరి లేచి నడుస్తాయి. తల్లి వీపున మోసి దించుతుందన్న మాట వినిపిస్తుంది, అది మామూలుగా జరిగేది కాదు. నీళ్లలోకి దిగాక మాత్రం చిలువ పిల్లలు అప్పుడప్పుడు తల్లి వీపెక్కుతాయి.

పడే చోటు మెత్తగా ఉండాలి. కట్ట బలోపేతం పేరుతో రాతిపరుపు పేర్చిన చోట పిల్ల రాళ్ల సందుల్లోకి జారి అక్కడే ఉండిపోతుంది. రాళ్ల కంటే ప్రమాదం సిమెంటు లైనింగు వేసిన కాలువ. నీరు కనపడగానే పిల్లలన్నీ దిగిపోతాయి, ప్రవాహం లాగుతుంది, నున్నటి వాలు మీద గోరు పట్టదు. మట్టికాలువలో పది అడుగులకు ఒక గడ్డి దుబ్బు ఉండి ఎక్కడానికి వీలుండేది. లైనింగు కాలువ వెంట గోనెసంచిలో ఇసుక నింపి, నీటిలోంచి గట్టు పైదాకా వరుసగా వాల్చి పెడితే అదే మెట్లవుతుంది. నునుపు పలక వేస్తే లాభం లేదు, గరుకు ఉండాలి.

చెట్టు నుంచి నీటిదాకా తల్లి పిల్లలను కిలోమీటరైనా నడిపిస్తుంది. ఆ నడకలో కుక్క, ముంగిస, ఉడుము, కాకి, గద్ద అందరూ వాటా అడుగుతారు. దారిలో గడ్డి ఉంటే కొన్నైనా బతుకుతాయి. కలుపుమందు కొట్టి ఎండబెట్టిన గట్టు మీద అవి బోసిపళ్లెంలో పెట్టినట్టు కనపడతాయి. ఒంటరిగా దొరికిన పిల్లను ఇంటికి తెచ్చి బకెట్టులో ఈదించడం చాలామంది చేసే పొరపాటు. చిన్న పిల్ల తల్లి రెక్కల కింద ఆరి, వెచ్చబడితేనే నిలుస్తుంది. తల్లి లేని పిల్ల తడిసి, చలికి చస్తుంది. దొరికిన చోటికి దగ్గరలో నీటి అంచున బుట్టలో పెట్టి, దూరం జరిగి, గంటా రెండు గంటలు చూడాలి. తల్లి రాకపోతే అటవీశాఖకు చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అడవి పక్షి గుడ్లు పాడుచేయడం, గూటిని కదిలించడం కూడా వేట కిందికే వస్తాయి, కాబట్టి కోడి కింద పెట్టి పొదిగిద్దామన్న ఉపకారబుద్ధి కూడా చట్టానికి చిక్కుతుంది. ఊరి బాతుల విషయం వేరు. అవి తరతరాల పెంపకంలో పొదిగే గుణమే చాలావరకు పోగొట్టుకున్నాయి, వాటికి కోడో, పొదిగే యంత్రమో కావాలి.

వరిమళ్లలో గూడు దొరికితే ఇంకో సమస్య. కోత మిషన్ కట్టరు ముందు ఆడబాతు లేచిపోతుంది, గుడ్లు లేవవు. డ్రైవరు చూసినా ఆ గూడు చుట్టూ మీటరు మేర గుండ్రంగా పంట వదిలి, మిగతాదంతా కోసేస్తే కాకికి దీవిలాంటి గుర్తు పెట్టినట్టవుతుంది. గట్టుదాకా కలిసేట్టు మూడు నాలుగు మీటర్ల వెడల్పు పట్టీ వదలాలి, అప్పుడు తల్లి గట్టు గడ్డిలోంచి కనపడకుండా వచ్చిపోతుంది. నష్టం మాటకొస్తే, దమ్ము చేసి వెద చల్లిన మడిలో చిలువలు రాత్రుళ్లు విత్తనం ఏరుకుతినేది నిజమే. రైతు కోపానికి కారణం ఉంది. ఆ గుంపే మళ్లీ నత్తలను, కలుపు గింజలను తింటుందన్నది దానికి సరిపడా సమాధానం కాదు. విత్తిన మూడు నాలుగు రాత్రులు మడిలో నీరు తీసేసి ఉంచడం, టార్చి వేసి కాపలా కాయడం పనిచేస్తాయి.

పెట్టె గూడు పెడితే

తొర్ర లేని చోట చెక్కపెట్టె పెట్టొచ్చు. అమెరికాలో తొర్రబాతులకు దశాబ్దాలుగా వాడుతున్న పెట్టె కొలతలు చిలువ పరిమాణానికి దగ్గరగా ఉంటాయి: లోపల అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండు అడుగుల ఎత్తు, అడుగుపలక నుంచి ఒకటిన్నర అడుగుల పైన నాలుగంగుళాల రంధ్రం. చిన్న తెల్ల బాతుకు రంధ్రం మూడు అంగుళాలు చాలు, పెద్దది పెడితే ఉడుము దూరుతుంది. వేప చెక్క అయితే చెదలు తక్కువ. ఇనుప డబ్బా మన ఎండకు పొయ్యి అవుతుంది. లోపలి ముఖాన్ని చిత్రిక పట్టకూడదు. రంధ్రం కింది పలక మీద ఉలితో వేలెడంత దూరంలో అడ్డగాట్లు పెట్టాలి, లేకపోతే పిల్లలు పొదిగిన పెట్టెలోనే చిక్కుకుని చస్తాయి. అడుగున నాలుగు చిన్న రంధ్రాలు నీరు కారడానికి. ఈ బాతులు పరుపు మోసుకొచ్చుకోవు కాబట్టి నాలుగు అంగుళాల మందాన చిత్రిక పొట్టు పోయాలి. రంపపు పొడి వద్దు, అది తడిపట్టి గడ్డకడుతుంది. పాత తాటిదోనె ముక్క చేతికి దొరికితే రెండు అడుగులకు కోసి, రెండు వైపులా పలక బిగించినా అదే పని చేస్తుంది, పైగా చూడ్డానికి చెట్టులాగే ఉంటుంది.

అలుగు పారినప్పటి నీటిమట్టానికి కనీసం నాలుగైదు అడుగుల పైన బిగించాలి, పాము ఎక్కకుండా గుంజకు రేకుతో కిందికి తెరిచిన గరాటు చుట్టాలి. నవంబరు తుపానుకు కట్ట నిండిన రాత్రి మునిగేవి ఎత్తు లెక్క తప్పినవే. పది పెట్టెలు వరుసగా, అన్నీ కనపడేట్టు, ఒకే గట్టు మీద పెట్టడం ఫొటోకు బాగుంటుంది, బాతుకు బాగుండదు. ఒకటి ఎక్కడ దూరుతుందో ఇంకొకటి చూసి అదే పెట్టెలో గుడ్లు పెట్టేస్తుందని అమెరికా అనుభవంలో తేలింది. దూరం దూరంగా, ఆకులచాటున పెట్టాలి. సెప్టెంబరులో ఏటా తెరిచి కందిరీగల గూడు, పాత చెత్త తీసి కొత్త పొట్టు పోయాలి. ఆ తర్వాత ఫిబ్రవరిదాకా మూత ముట్టుకోకూడదు.

లోపల ఏం జరిగిందో మూత తీసిన రోజు పెంకులు చెబుతాయి. పెంకు చిన్న ముక్కలై, దాని లోపలి తెల్లపొర విడిపోయి తోలుముక్కలా పొట్టులో కలిసి ఉంటే పిల్ల పొదిగి వెళ్లిపోయింది. పెంకు పెద్ద చిప్పలుగా ఉండి పొర దానికే అంటుకుని, పచ్చసొన మరక ఆరి ఉంటే మధ్యలో ఎవరో తిన్నారు. ఏమీ లేకుండా పొట్టు మాత్రం చెదరకుండా ఉంటే పాము వచ్చి ఒక్కో గుడ్డూ నిండుగా మింగి పోయిందనుకోవాలి, అప్పుడు చూడాల్సింది గుంజ చుట్టూ ఉన్న గరాటు.